చేసినోని పేరు

ఏందే బిడ్డా, పొద్దుగాల్నుంచి గా ఒక్క ముక్కనే నములుతున్నవ్? పరీక్షనా? ఇంగ్లీషుదా! ఆ... జర గా పుస్తకం పక్కకు పెట్టు. నిన్ను చూస్తె మీ పెద్దతాత ఐలేశం యాదికొచ్చిండు. నువ్వు చూడలేదులే గాయన్ను. మా ఇంటాయనకు అన్న, నాకు బావ. అప్పుడు మేమంత చిట్యాల కాడ ఒక్క ఇంట్లనే ఉంటిమి. బావ చదువంత ఉర్దూల. తాలూకా కచేరిల గుమాస్తా. ఏ తాలూకానో ఇప్పుడెందుకులే. ఆయన ఉర్దూ రాత చూసి ముసలి మున్షీలే మెచ్చుకునేటోళ్లు. ఇగ రాష్ట్రాలు కలిసినయ్, కాయితాలు ఇంగ్లీషుకు మారినయ్. పరీక్ష పాసైతె గుమాస్తా, కాకుంటె జవాను, అంటె బంట్రోతు, అని హుకుం. నలభై దాటిన మనిషి పలక పట్టిన పోరని లెక్క మళ్ల మొదలువెట్టిండు. పొద్దున్నే వాకిట్ల తిరుక్కుంట 'ఐ గో, హీ గోస్' అనుడే అనుడు. ఆయన పెండ్లాం మా అండాలక్క బియ్యం చెరుగుకుంట, 'గా పోయేటోడు ఇంక పోలేదా?' అని నవ్వేది. ఆమె నవ్వితె బావకు కోపం రాకపోయేది. అక్క చేసే సర్వపిండి ఉండె సూడు... సరే, గది వేరే ముచ్చట.

కచేరిల పెద్ద గుమాస్తా రామచంద్రం. చెడ్డోడు కాదు, బావకు నేర్పింది ఆయనే. ఒకనాడు మా అరుగు మీద కూసోని చెప్తాండు: 'ఐలేశం, ఇంగ్లీషుల ఇంకో సులువుంది. చేసినోని పేరు చెప్పకుంటనే జరిగింది చెప్పొచ్చు. చెట్టు కొట్టబడెను. ఎవడు కొట్టిండు? అక్కర లేదు. కచేరి రాతంటె గిదే, ఎవ్వలకు నొప్పి తగలదు.' లోపల్నుంచి అక్క అన్నది: 'గదేం భాషనమ్మా! కొట్టినోడు లేకుంట దెబ్బెట్ల తగులుతది?' బావ గూడ నవ్విండు. కని నేర్చుకున్నడు, మంచిగ నేర్చుకున్నడు.

అంతల లచ్చయ్య పంచాయితి వచ్చె. పేద కౌలుదారు. భూపతిరావు దొర ఆయన జొన్న చేన్లకు పశువుల తోలిచ్చి, గుడిసె పీకిచ్చి, భూమి ఇడిసి పొమ్మన్నడు. లచ్చయ్య అర్జీ పెట్టుకున్నడు. బావనే పోయి చూసొచ్చి ఇంగ్లీషుల రాసిండు. పంట పాడుచేయబడినది, గుడిసె తొలగించబడినది, గట్ల. తాసిల్దారు చదివి, 'భేష్! ఇగ పరీక్షల నీకు ఫికర్ లేదు' అన్నడంట. ఆ దినం బావ అక్కకు మల్లెపూలు తెచ్చిండు. మొగోడు గట్ల ఎగురుకుంట ఇంటికొచ్చుడు నేనెన్నడు చూడలే.

తెల్లారి లచ్చయ్య మా వాకిట్లకొచ్చి కూసున్నడు. అక్క తిననీకి జొన్న గటుక పోసిచ్చింది, ముట్టలే. 'అయ్యా, ఏం రాసిన్రు?' అన్నడు. బావ తన కాడున్న నకలు తీసి ఇంగ్లీషుల చదివి, తెలుగుల గూడ చెప్పిండు. ఆయన తలకాయ ఊపుకుంట ఇన్నడు. ఇని, మెల్లగ, 'మంచిగుందయ్యా. మరి ఎవలు చేసిన్రని ఉంది?' అన్నడు. బావ గా కాయితం మళ్ల మొదటి నుంచి చూసుకున్నడు. నేను గడప కాడనే నిలబడి ఉంటి.

ఆ దినం కచేరికి పోంగనే బావ కొత్త కాయితం రాసిండు. భూపతిరావు పశువుల తోలిచ్చిండు, భూపతిరావు గుడిసె పీకిచ్చిండు. ప్రతి మాటకు ముందు పేరు. సంతకం పెట్టి, జిల్లాకు పోయే టప్పా సంచిల ఏసినంకనే రామచంద్రానికి చెప్పిండు. రామచంద్రం నెత్తి కొట్టుకున్నడు: 'పిల్లలు గలోనివి, ఏం పని చేసినవ్రా!' తాసిల్దారు పరీక్షకే కూసోనియ్యలే. ఈయనకు ఇంగ్లీషు రాదని రాసి, జవానుగ దించిండు. కచేరోళ్లిచ్చిన ఖాకీ అంగి చేతులు పొడుగైతె, అక్క కూసోని మడిచి కుట్టింది. అంతే.

లచ్చయ్యకు భూమి మొత్తమేం రాలే, సగమే దక్కింది. బావ ఆఖరుదాక జవానే. కని ఇచారణ దినం ముచ్చట మా ఇంటాయన చెప్పేటోడు, ఆయన ఆడనే ఉండె. కాయితంల పేరుంది గద, జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చి దొరను పిలిపిచ్చిండు. పేర్లు పిలుసుడు జవాను పని. బావ గా ఖాకీ అంగి ఏసుకోని గుమ్మం కాడ నిలబడి, 'లచ్చయ్యా!' అన్నడు. లచ్చయ్య వచ్చిండు. మళ్ల గొంతు సవరించుకోని, 'భూపతిరావూ!' అన్నడు. దొరా లేదు, గారూ లేదు. గట్ల ఉత్త పేరు వెట్టి పిలుసుడు ఆ తాలూకల ఎవ్వలు ఇనలే. దొర బయట బండిలనే కూసున్నడు, దిగలే. బావ ఇంకోసారి పిలిచిండు, ఇంక గట్టిగ. దిగిండు బిడ్డా. వచ్చి, లచ్చయ్య పక్కన నిలబడ్డడు...

గా కోడి లోపటికొచ్చింది సూడు, ఎల్లగొట్టు.