నాలుగుకూ ఏడుకూ నడుమ

“ఉసేనమ్మ టీచరమ్మా, ముప్పై ఏండ్లు బడిలో చెప్పి రిటైరైనావు. మళ్లా ఆళ్లగడ్డలో, ఈ శిల్పాల షెడ్డులో, సాయంత్రం బడి ఎందుకు పెట్టినావు?” అని అడిగినా.

ఎందుకంటావా? ముందు నేనొకటి అడుగుతా, దానికి జవాబు చెప్పు. స్కూలు నాలుగ్గంటలకు విడుస్తారు. అమ్మ చేన్లో నుంచి వచ్చేసరికి ఏడయితాది. ఆ నడుమ మూడు గంటలు పిల్ల యాడుండాల? నువ్వు చెప్పు, నీ ఫోన్లో రికార్డు చేస్తాండావే, రేపు అది వినేటోళ్లను గూడా చెప్పమను. కాలేజీలో బల్ల గుద్ది మాట్లాడతావంట, దీనికి గూడా గుద్ది చెప్పు.

కూచో పాపా, ఆ రాతి మీద కూచో, ఏం కాదులే. అది నంది కావాల్సిన రాయి. చెవికాడ పగిలింది, ఇంగ గుడికి పనికిరాదు. మా పిల్లోళ్లు దాని మీదనే ఎక్కి కూచుంటారు. ఈ షెడ్డు మా పక్కింటి బ్రహ్మయ్య ఆచారిది. నాలుగైతే ఉలి పక్కన పెట్టి, ఊడ్చి, నాకిస్తాడు. నేను మొదట స్కూలునే అడిగింటి, నేను పని చేసిన స్కూలునే. ఒక్క గది, మూడు గంటలు. ‘ఏమన్నా పగిల్తే పూచీ ఎవరిది మేడమ్?’ అన్యారు. ఈడ చూడు, అన్నీ పగిలినవే, పూచీ అడిగేటోళ్లే లేరు. అదో, మూల ఎగిరిపోయిన ఆ నల్లరాయి, అదే మా బోర్డు. సుద్ద ఎంత బాగా పడతాదనుకున్నావు! నేను సంజామల తట్టు కొత్తగా చేరినప్పుడు సుద్ద డబ్బా రెండు రూపాయలు. దాన్ని గూడా హెడ్మాస్టరు బీరువాలో పెట్టి తాళమేసి, పొద్దుకొక సగం ముక్క ఇచ్చేటోడు, బంగారం ఇచ్చినట్టు. ఏందో, యాడికో పోతాండా. యాడున్నా?

ఆ, బడి పెట్టిన సంగతి. ఇది నేనొక్కదాన్నే పెట్టింది కాదు. మా స్కూల్లోనే తెలుగు చెప్తాండె సరోజ, ఇద్దరం కలిసి పెట్టినాం. నేను లెక్కలు, ఆయమ్మ పాటలు, ఆటలు, కతలు. నాకు కతలు రావు, నేను కత చెప్తే పిల్లోళ్లకు నిద్రొస్తాది. ఇట్లాంటి బడి నడిపేటోళ్లకు నంద్యాల్లో ట్రైనింగని ఫోనొస్తే ఒకరు పోతాంటిమి, ఒకరు పిల్లోళ్ల కాడ ఉంటాంటిమి. ఒకసారి ఆయమ్మ పోయొచ్చి, కాగితం మడతలేసి భిన్నాలు చెప్పేది నాకు నేర్పించె. ముప్పై ఏండ్లు సుద్ద అరగదీసినా నాకా ఉపాయం తట్టలా చూడు. సిగ్గయింది. సంతోషమూ అయింది, ఈ వయసులో గూడా నేర్చుకునేది ఉంది కదా అని.

ఇప్పుడు ఆయమ్మ సున్నిపెంటలో ఉంది. తమ్మునికి పక్షవాతమొస్తే చూసుకునేదానికి పోయె. రెండేండ్లాయె. కాదు, మూడు, పోయిన కార్తీకానికే మూడు నిండె. సాయంత్రం ఫోన్ చేస్తాది. నేనెట్లున్నానని అడగదు. ‘ఉసేనమ్మా, ఫోను పిల్లోళ్ల తట్టు తిప్పు’ అంటాది. తిప్పుతా. వాళ్లు ఎక్కం చదువుతాంటే ఇంటాది. ఇని, పెట్టేస్తాది.

సరే, ఇది బాగా ఇను. మాలాంటోళ్లకని సంస్థలోళ్ల కాడ నుంచి ఏమేమో వస్తాండాయి, లేదనను. పుస్తకాల పెట్టెలు ఇస్తారంట, ఆట సామాన్లు ఇస్తారంట, సాయముండే మనిషికి నెల జీతమిస్తారంట. ట్రైనింగులైతే లెక్కే లేదు. అయితే ఆ ట్రైనింగు ఎప్పుడు పెడతారు? నాలుగ్గంటలకు! ఫోన్లో మీటింగు పెట్టినా సాయంత్రం ఐదుకే. చెప్పేటోళ్లకు పగలు ఉద్యోగాలుంటాయి, వాళ్లకు అప్పుడు తీరుతాది. అంటే పిల్లోళ్లకు బాగా చెప్పేది నేర్చుకోవాలంటే పిల్లోళ్లను బయట నిలబెట్టి పోవాల. ఎవురికీ తట్టదేందీ ఇది? నేనే ఆ ట్రైనింగు పెట్టే ఆయనకు ఫోన్ చేసి అడిగినా, ‘అప్పా, పగలు పదకొండుకు పెట్టుకోరాదా?’ అని. ‘మేడమ్, ఆ టైముకు క్లాసులో మీ వాలంటీరును పెట్టి రండి’ అన్యాడు. వాలంటీరంట. నా కొంగుకు కట్టుకొని తిరుగుతాండాననుకున్యాడేమో.

ఒక్కసారి పోయినా. పోకుండా ఉండాల్సింది. పోయినేడు, సీడు పత్తి కాలం. ‘ఈ పొద్దు బడి లేదు, రేపు రండి’ అని ఆ నల్లరాతి మీద పెద్దగా రాసి, వాకిట్లో పెట్టించి, నంద్యాల బస్సెక్కినా. అందరూ అది చదివి ఇండ్లకు పోయినారు. మౌనిక పోలా. మా వీధి చివర మద్దమ్మ కూతురు, ఏడో తరగతి, లెక్క చెప్పే లోపలే జవాబు అనేస్తాండె. ఇంటికి తాళం, యాడికి పోతాది? ఈ మెట్టు మీదనే కూచునింది.

నీకు తెలుసో లేదో, ఇత్తనాల కోసమని వేసే ఈ సీడు పత్తిలో మొగ్గలు గిల్లేది సాయంత్రమే, పుప్పొడి రుద్దేది తెల్లారి. చిన్న వేళ్లయితే పువ్వు నలగదని పిల్లోళ్లనే ఎదుకుతారు. ఆ దోవన, కూలోళ్లను చేన్లకు తోలుకుపొయ్యే మేస్త్రి ఆటో పోతాండె. ‘ఊరికే కూచున్యావ్ కదా పాపా, ఎక్కు, మీయమ్మ గూడా ఆ పక్క చేన్లోనే ఉంది’ అన్యాడంట. ఎక్కింది. ఇంటికొచ్చేటప్పుడు చేతిలో దుడ్లు పెట్టినాడు. మరసనాడు నా కాడికి రాలా, ఆటో కాడికి పోయె. పది దినాలకు, తెల్లారి పుప్పొడికి గూడా రమ్మన్యారు. ఇంగ స్కూలే లేదు.

పోయి మద్దమ్మను అడిగినా. గట్టిగానే అడిగినా, టీచర్ను కదా. ఆయమ్మ ఏమనిందో తెలుసా? ‘నీ బడి ఉన్నన్ని దినాలు నేను పంపియ్యలేదా టీచరమ్మా? తాళమేసుకొని పోయింది నువ్వు. చేనికి తాళం లేదు.’

తల వంచుకొని వచ్చేస్తి. ఆ పొద్దు నంద్యాల్లో ఏం నేర్పినారో ఒక్క ముక్క జ్ఞాపకం లేదు.

అప్పట్నుంచి యాడికీ పోలా. ఏడైతే పిల్లోళ్లు పోతారు. ఇంగ నేనూ, ఈ పగిలిన దేవుళ్లూ. బోర్డు తుడవాలనుకుంటా, చెయ్యి రాదు. వాళ్లు తప్పు చేసిన లెక్కలు చూసుకుంటా కూచుంటా. ‘చూడు సరోజా, వీడు మళ్లా తీసివేతను కూడికగా చేసినాడు’ అని నవ్వుకునేదానికి పక్కన మనిషి లేకపాయె. లెక్క తప్పయితే దిద్దుతా. మౌనికది ఎట్ల దిద్దేది?

ఇప్పుడు మళ్లా కాగితమొచ్చింది. ఈ గురువారం, నంద్యాల్లో, నాలుక్కే. పోయి కూచున్నోళ్లకే పుస్తకాల పెట్టె, సాయం మనిషికి జీతం. పోకపోతే ఈ ఏడు లేదంట. ఆ సాయం మనిషిని తెచ్చుకునేదానికి పోవాలంటేనే ఒక సాయం మనిషి కావాల. ఆడ చూస్తే సీడు పత్తి మళ్లా పూతకొచ్చింది.

“ఇది అన్యాయం. టైము మార్చమని అర్జీ పెడదాం, నేను రాస్తా,” అన్నా.

రాయి. ఘాటుగా రాయి, నేనూ సంతకం పెడతా. అయితే జవాబొచ్చే లోపల గురువారం వస్తాది పాపా. ఆ ఆటో గూడా వస్తాది.

నీ అర్జీ కంటే నాకు నీ మూడు గంటలు కావాల. గురువారం నాలుక్కు ముందే రా, ఇంకో ఇద్దరిని పిల్చుకొని రా. పాఠం చెప్పకున్నా ఫరవాలేదు. తలుపు తెరిచి ఉండాల, లోపల పెద్ద మనిషి ఉండాల, అంతే. అమ్మలొచ్చేదాకా కదలొద్దు. ఫోటోలు తీసుకొని బేగా జారుకోవద్దు. ఇది వినేటోళ్లు నంద్యాల్లో ఉన్నా, పాణ్యంలో ఉన్నా, మీ వీధి తట్టు గూడా ఇట్లాంటి బడిని ఎవురో ఒంటిగా నడుపుతాంటారు. ఈ వారమే పోయి అడగండి, ‘నువ్వు ఏ దినం పోవాల? ఆ దినం నేనుంటా’ అని.

సల్లగుండు తల్లీ. ఇంగ ఫోను ఆపు. ఆపే ముందర చెప్పు, గురువారం వస్తావా? తలకాయ ఊపేది కాదు, నోటితో చెప్పు.