కడియం మీది నలుపు

చనిపోయిన అత్తగారి రెండో వెండి కడియాన్ని కోడలు వంటగదిలో ఇంకా తోముతూనే ఉంది. ఆడపడుచు ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్య ఆయాను పోలీస్ స్టేషన్‌కి లాక్కెళ్లాడు వదినా. నీకింకా తోముడేనా?"

"మొదటిది తోమితే వెండి పూత ఊడి ఇత్తడని తేలింది. ఇదీ అంతేనేమో చూడాలిగా."

"చూసేదేముంది? అమ్మకి ఒళ్లు తుడుస్తూ తుడుస్తూ ఆయా మార్చేసింది. అన్నయ్య అప్పుడే తేల్చేశాడు."

"మరీ తొందరగా తేల్చేశాడు. ఇలా రా. అల్యూమినియం రేకు మీద నల్లబడ్డ వెండి పెట్టి, వంటసోడా వేసిన వేడినీళ్లు పోస్తే ఏ వాసనొస్తుంది?"

"కుళ్లిన గుడ్డు వాసన."

"ఇందాక దీన్నీ ఈ గిన్నెలో అలాగే పెట్టాను. ఆ వాసన వచ్చిందా?"

"లేదు. నలుపూ పోలేదు."

"సబ్బు గుడ్డతో రుద్దితే మాత్రం ఊడొచ్చింది. పాతదానిలా కనబడాలని ఎవరో పూసిన నలుపిది. ఈ గుడ్డ వాసన చూడు."

ఆడపడుచు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"బూట్ పాలిష్."

"ఆయాకున్నవి రబ్బరు చెప్పులు."

"వదినా, ఇక్కడితో వదిలెయ్. నీ కాపురం ఏమవుతుందో ఆలోచించు."

"రోజూ పొద్దున్నే బూట్లు మెరిపించుకునే మనిషికి ఈ వాసన మధ్యలోనే కాఫీ ఇస్తున్నాను. ఇవాళ నా ముక్కు పనిచెయ్యలేదని ఎలా అనను? స్టేషన్‌కి ఫోన్ కలుపు."

ఆడపడుచు కలిపి ఇచ్చింది. కోడలి చేతి నలుపు ఫోన్‌కి అంటుకుంది.

"అయ్యా, ఆ ఆయాను పంపించెయ్యండి. కడియాలు మార్చింది మీ ఎదురుగా కూర్చున్న మా ఆయన."