చప్పుడు లేని గలీబు

“నానమ్మా, పరుపు మీదికి కవర్ ఆర్డర్ పెడుతున్న. ఈ రెండిట్ల ఏది తీసుకోవాలె, జర చూసి చెప్పవా?”

ఏదీ, ఇటు తే. ఆ... నువ్వే చదువు, నాకు ఆ అక్షరాలు ఆనవు. నీళ్లు దిగయి. సరే. దుమ్ము పట్టదు. సరే. పదేండ్లయినా పరుపు కొత్తగనే ఉంటది. ఆఁ, ఇంకా? అయిపోయిందా? గంతేనా? మరి దాని మీద పండుకునే మనిషి ముచ్చట ఏది? ఉక్కపోస్తదా, ఒళ్లు ఒరుసుకుపోతదా, ఒక్క ముక్కన్న రాసిండ్రా? చూసినవా! అప్పుడూ గంతే, ఇప్పుడూ గంతే. అందరికీ పరుపు మీదనే పావురం, పరుపు మీదనే ప్రేమ. నవ్వకు పిల్లా. ఈ కవర్ల ముచ్చట వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. ఆ ఫోను పక్కకు వెట్టు, చెప్త.

మా అత్తమ్మను, అంటే మీ తాత తల్లిని, నువ్వు చూడలే. ఎట్లుంటుండె అనుకున్నవ్! పాలమూరు దిక్కు నుంచి మొగనితోటి పట్నం వచ్చి ఇటుకలు మోసిన మనిషి. అశోక్‌నగర్‌ల ఆమెతోటి బజారుకు పోతే పరేషాన్ చేస్తుండె. “ఈ మేడ మీదికి ఇసుక నేనే మోసిన, ఆ మేడ గోడకు నీళ్లు నేనే కొట్టిన” అనుకుంట ఆగి ఆగి చూసేది. కూరగాయల సంచి నన్ను పట్టనియ్యకపోయేది. అసొంటి మనిషి బాత్రూంల జారి పడ్డది. తొంభై నాలుగో, అయిదో... కాదు కాదు, మీ నాన్న ఇంటర్ పరీక్షలు రాసిన ఏడు. తుంటి బొక్క విరిగింది. ఆపరేషన్ చేసిండ్రు, బొక్క అతికింది, గని కాళ్లల్ల బలం రాలే. ఇంకోటి, ఏమంటరు... ఒంటేలు ఆగకపోయేది. తెల్వకుండనే అయిపోయేది. ఆమె తప్పా అది? చెప్పు. నీ తప్పా నా తప్పా?

మాకు చిక్కడపల్లి సందుల కిరాయి ఇల్లు. రెండే అర్రలు. ముందు అర్రల అత్తమ్మ మంచం, వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరు ఆ మంచం పక్క నుంచే. మీ తాత ప్రెస్సుల పని, పొద్దున పోతే మాపటికే వచ్చుడు. మీ పెద్దతాత నర్సిమ్లు, నాకు బావ అయితడు గద, ఆయనకు హిమాయత్‌నగర్‌ల ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం ఉండె. తల్లి దవాఖాన నుంచి వచ్చిన నాడు కొత్త పరుపు తెచ్చిండు. ఈడ నిజం మాట్లాడాలె, మంచి పరుపే తెచ్చిండు. కొబ్బరిపీచుది, మందంగ, మీద పువ్వుల గుడ్డ. మా సందు మొత్తం వచ్చి ఒత్తి చూసి పోయింది. దుకాణంల చుట్టి ఇస్తరు చూడు, దళసరి ప్లాస్టిక్, అది నేను ఊడదీయబోతుంటె చెయ్యి పట్టి ఆపినంత పని చేసిండు.

“అనసూయా, అది తియ్యకు. అమ్మ సంగతి తెల్సు కద. రెండు దినాలల్ల పరుపు ఖరాబైతది.”

తల్లి వింటనే ఉన్నది. ఆమె ముందరనే అన్నడు. సిగ్గులేక... అనొద్దు, పోయినోని గురించి అనొద్దు. గని అంటనే ఉంట.

నేనేం చేసిన? నోరు మూసుకున్న. అదే నా తప్పు. ప్లాస్టిక్ మీద పల్చటి దుప్పటి పరిచిన, అది చెయ్యేస్తే జారిపోయేది. ఎండాకాలం వచ్చింది. నీకు ఏసీలు తెల్సు గని అప్పటి మే నెల తెల్వదు. కరెంటు పోతే ఎప్పుడొస్తదో దిక్కులేదు. పైన రేకులు... రేకులు కాదు లే, స్లాబే, గని రేకుల కన్నా అధ్వాన్నం. అత్తమ్మ వీపు కింద చెయ్యి వెడితే నా చెయ్యి తడిసి వచ్చేది. అది చెమటనో ఇంకోటో కూడ తెలుస్తలేకుండె. మొగులు కమ్మినట్టు ముఖం పెట్టుకుని ఒక్క తీరుగ పండుకుని ఉండేది. పొద్దున ఎట్ల పండవెడితే పగలంత గట్లనే. “అత్తమ్మా, జర పక్కకు తిరుగు” అంటె, “మంచిగనే ఉన్న” అనేది. చేతులల్ల బలం ఉన్నది, మంచం పట్టె పట్టుకుని తిరగొచ్చు, తిరుగది. నేనేమో, చెప్పుకుంటె సిగ్గు, మొండికేసిందని కోపం చేసిన ఒకటి రెండు సార్లు.

నడుం కింద కమిలింది. ఎర్రగ అయింది, ఆనక తోలు లేచింది. మా పక్క వాటాల విజయక్క ఉండేది, కాకినాడ దిక్కు వాళ్లు, దవాఖానల నర్సు. ఉరికి పోయి పిలుచుకొచ్చిన. ఆమె దుప్పటి ఎత్తి చూసింది. ప్లాస్టిక్ చూసింది. నా ముఖం చూసింది.

“ఇదేంటి అనసూయ గారూ! మనిషి ఒంటి కింద ప్లాస్టిక్ వేస్తారా? ఈ ఎండల్లోనా? ఒళ్లు ఉడికిపోదూ!”

నేను తల వంచుకున్న. ఆమె అత్తమ్మ పక్కన కూసుని నెమ్మదిగ అడిగింది. “మామ్మగారూ, మీరు అటూ ఇటూ ఎందుకు తిరగడం లేదు? నొప్పిగా ఉందా?”

అత్తమ్మ దుప్పటి అంచు మీదికి గుంజుకున్నది. ఆనక అన్నది, “చప్పుడైతది బిడ్డా.”

“ఏం చప్పుడు?”

“ఈ ప్లాస్టిక్ కాయిదం. జర కదిలితే చరచర అంటది. ముసల్ది మల్ల తడిపిందని అందరికి ఎరుకైతది. రాత్రి పిల్లలు లేస్తరు. ఎందుకు, గమ్మున పండుకుంటె అయిపాయె.”

విన్నవా? మూడు వారాలు పిల్లా! మూడు వారాలు ఆ మనిషి చప్పుడైతదని కదలకుండ పండుకున్నది. అశోక్‌నగర్ మేడలకు ఇటుకలు మోసిన మనిషి! నేను వంటింట్లకు పోయి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చిన. ఏడుపు కాదది, కోపం. బావ మీద కోపం, నా మీద నాకు ఇంకా కోపం.

విజయక్క అంతా చెప్పింది. నడుం కింద మాత్రం మూరెడు రబ్బరు షీటు, దాని మీద మెత్తటి నూలు గుడ్డ, తడిస్తే తీసి ఇంకోటి. పరుపు మొత్తానికి దళసరి నూలు గలీబు, అంటే గుడ్డ కవర్, ఉతుక్కునే తీరుగ. గాలి ఆడాలె, ఒంటికి ప్లాస్టిక్ తగలొద్దు. గంతే. గింత దానికి మేము మనిషి తోలు ఒలిచినం.

మర్నాడే పోయిన. నారాయణగూడల పెద్ద పరుపుల దుకాణం, పేరెందుకు లే. మెల్లగ, దగ్గరికి పోయి చెప్పిన, ఇట్ల పెద్దమనిషి ఉన్నది, పరుపుకు నూలు గలీబు కావాలె, తడి దిగొద్దు అని. ఆ సేటు ఏం చేసిండు? దుకాణం ఆ కొసకు వినపడేటట్టు ఒర్రిండు. “అరే, పక్క తడిపేటోళ్లకు ఏమన్న ఉన్నదారా?” పెండ్లి సామాను కొననీకి వచ్చినోళ్లు అందరు తిరిగి నన్నే చూసిండ్రు. ఒకామె కిసుక్కుమన్నది. నేను ఊకుంటనా? అప్పటికే మూడు వారాలు ఊకున్న కద. “మా ఇంట్ల మనుషులు ఉంటరు సేటూ. మీ ఇంట్ల బొమ్మలు ఉంటయా? ఎవ్వరు ముసలోళ్లు కారా?” అన్న. ఆయన రెక్సిన్ చుట్ట తీసి చూపెట్టి, “ఇదే నడుస్తున్నదమ్మా, తుడిస్తే సాఫ్, పరుపుకు గ్యారంటీ” అన్నడు. చూసినవా, మల్ల పరుపుకే గ్యారంటీ! హిమాయత్‌నగర్‌ల ఇంకో దుకాణంల నిగనిగలాడే సాటిన్ చూపెట్టిండ్రు. నేనేమన్న కొత్త పెండ్లికూతురికి కొంటున్ననా?

ఆఖరికి కాచిగూడల గుడ్డల దుకాణాల ఎంబడి తిరిగి మూడు తీర్ల గుడ్డ ముక్కలు అడుక్కొచ్చిన. తెచ్చి అత్తమ్మ ఒడిల వేసిన. “నువ్వే చూడు అత్తమ్మా, నీకు ఏది కావాలె?”

ఆమె నన్ను గట్లనే చూసింది. “నన్ను అడుగుతున్నవా?” అన్నది.

ఆనక ఎంత మంచిగ చూసిందనుకున్నవ్! ఒక్కో ముక్క మోచేతి లోపల దిక్కు రుద్దుకున్నది. చెవి కాడ పెట్టుకుని నలిపింది, చప్పుడు వస్తదా అని. జంపకాన గుడ్డ గరుకున్నదని పక్కకు వెట్టింది. ఇంకోటి ఉతికితే ముద్దయితదన్నది. తువ్వాల గుడ్డ, దళసరిగ బుడిపెలు బుడిపెలు ఉంటది చూడు, అది చెంపకు ఆనిచ్చుకుని, “ఇది” అన్నది. గంతే. ఆ ఇంట్ల పరుపు మీద అందరు మాట్లాడిండ్రు, దాని మీద పండుకునే మనిషిని అడిగింది అదే మొదటిసారి.

కవాడిగూడల ఒక ముసలి టైలర్ సాబ్ ఉంటుండె, ఆయనకు కుట్టనీకి ఇచ్చిన. పొడవు, వెడల్పు రాసుకుని అద్దాల మీదికెళ్లి చూసి అడిగిండు, “అమ్మా, ఆమె ఎటు పక్కకు తిరిగి పండుకుంటది? కుట్టు ముడులు ఆ పక్కకు రావద్దు. ఒత్తుకుంటయి.” ముక్కు మొఖం తెల్వని మనిషి, ఆయన అడిగిండు!

ఆదివారం గలీబు తెచ్చిన. ప్లాస్టిక్ కోస్తనని కత్తెర పట్టుకున్ననో లేదో, స్కూటర్ చప్పుడు. మీ పెద్దతాత! చూసిండు, ముఖం ముడుచుకున్నడు.

“వద్దని చెప్పిన కద. అంత మంచి పరుపు. గుడ్డ గలీబు ఏం ఆపుతది?”

నేను నోరు తెరవబోయిన. అత్తమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. ఒర్రలే, తిట్టలే. “నర్సిమ్లూ, అంగీ ఇప్పు” అన్నది.

“ఏందమ్మా?”

“అంగీ ఇప్పి దీని మీద పండుకో. అనసూయ చాయ్ పెడుతది. చాయ్ వచ్చేదాక పండుకో, గంతే.”

మీ తాతా నేనూ ఆమెను లేపి కుర్చీల కూసోపెట్టినం. తల్లి మాట, కాదంటడా? దుప్పటి తీయించింది. ఉత్త ప్లాస్టిక్ మీద అంగీ లేకుండ పండుకున్నడు. కరెంటు లేదు. నేను వంటింట్లకు పోయిన. నిజం చెప్త, స్టవ్ నెమ్మదిగనే అంటించిన. పాలు నెమ్మదిగనే కాగనిచ్చిన. అల్లం కూడ దంచిన, బావకు ఎన్నడు దంచని దాన్ని! ముందు అర్రల నుంచి చరచర, చరచర. ఒక్క తావు ఉంటలేడు. అత్తమ్మ గొంతు, “కదలకు, నేను కదలలే.”

చాయ్ పట్టుకుని పోయే వరకు లేచి కూసుంటున్నడు. వీపు ప్లాస్టిక్‌కు అతుక్కుని చర్రున ఊడింది. నీళ్లు కారుతున్నయి. తల్లిని చూడలే. కప్పు కూడ తీసుకోలే. అంగీ చేతిల పట్టుకుని బయటి మెట్ల మీద కూసున్నడు.

“కొయ్యి బిడ్డా” అన్నది అత్తమ్మ నాతోటి. కోసిన. తువ్వాల గలీబు ఎక్కించినం, రబ్బరు షీటు, దాని మీద నూలు గుడ్డ వేసినం, ఆమెను పండవెట్టినం. ఆమె మంచం పట్టె పట్టుకుని, తనంత తనే, గోడ దిక్కు తిరిగింది. ఆనక ఇటు తిరిగింది. మల్ల అటు. చిన్నపిల్ల తీరు. మీ తాత కండ్లు తుడుచుకున్నడు.

పుండు మానింది. విజయక్క దినాం వచ్చి మందు రాసేది, ఏ జన్మ రుణమో ఆమెది. అత్తమ్మ ఇంకా రెండేండ్లు బతికింది. గలీబు తడిసేది, నేను ఉతికేదాన్ని, ఆరేసేదాన్ని. ఎవరన్న “ఏందది” అంటె, “నా గలీబు, నేనే ఏరుకున్న” అని ఆమెనే చెప్పేది.

మరి నీ కోపం ఎందుకు ఇంకా అంటవా? విను. ఆమె పోయిన పదకొండో నాడు, సుట్టాలు ఇంకా తిని చేతులు కడుగుతనే ఉన్నరు, మీ పెద్దతాత ముందు అర్రలకు వచ్చి గలీబు అంచు ఎత్తి చూసిండు. చేత్తోటి ఒత్తి చూసిండు. “పర్వలే, పరుపు మంచిగనే ఉన్నది” అన్నడు. మంచిగనే ఉన్నది! తల్లి లేదు, పరుపు మంచిగున్నది! “తీస్కపో బావా, ఇప్పుడే తీస్కపో” అన్న, అందరు వినంగనే. గలీబు ఊడదీసుకుని ఉత్త పరుపు ఆయన ముందర నిలబెట్టిన. తీస్కపోలే, అది వేరే సంగతి. పరుపును గోడకు ఆనిచ్చి, నిలబడి, తల దానికి ఆనిచ్చి ఏడ్చిండు. ఏడిస్తే ఏమొస్తది? ఆయనను కూడ ఎవరన్న ‘ఏమైంది’ అని అడిగిండ్రా... ఏమో. నాకు జాలి రాలే. ఇప్పుడు వస్తున్నదేమో, అదీ సరిగ తెల్వదు.

సరే గని, నీకు దేవుడు మంచి ఒళ్లు ఇవ్వాలె బిడ్డా. పండుకున్న తావుల ఎటు కావాలంటె అటు తిరిగే ఇల్లు దొరకాలె. తిరిగితే, “ఏమైంది” అని అడిగే మనుషులు ఉండాలె. ఆ... చాయ్ పెడుతవా? అల్లం వేస్తవా? వెయ్యి, వెయ్యి... అత్తమ్మకు కూడ మస్తు పసందు...