సగం వరస

మళ్లీ ఆ పుస్తకమేనా అమ్మాయ్? కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఈ పీట లాక్కో. నిరుడు వచ్చిన పిల్ల కూడా నీలాగే నీలం కోటు వేసుకుని, నా చేతికి పట్టీ చుట్టి బుస్సుబుస్సుమని గాలి కొట్టి, "బీపీ ఎక్కువగా ఉంది తాతగారూ, మాత్రలు మానకండి" అని చెప్పి పోయింది. ఎన్నాళ్లకిచ్చింది మాత్రలు? పదిహేను రోజులకి. జబ్బేమో ఏడాది పొడుగునా ఉంటుంది, మాత్రలేమో పదిహేను రోజులు! గోడకి ఒక పక్కే సున్నం వేసి పోయినట్టు. సరే, ఇప్పుడు నీ వంతు. ఏం రాయాలి? ముప్పై నలభై ఏళ్ల నుంచీ ఈ చుట్టుపక్కల పక్షవాతం వచ్చినవాళ్లెవరు, ఎంతమంది పోయారు, ఎంతమంది లేచి తిరిగారు... దీనికి పుస్తకం కావాలా? ఈ అరుగు మీద కూర్చుంటే కనపడదూ? నాకు అక్షరాలు అంతంతమాత్రమే గానీ అంకెలొచ్చు. యాభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ణి, గోడలో నూలంత తేడా ఉన్నా వీధిలోంచే పట్టుకునేవాణ్ణి.

రాసుకో అయితే. అప్పట్లో వస్తే పోయేవాళ్లు. బండితోలే ఆయన మూడో రోజు పోయాడు, కుండలు చేసే ఆవిడ వారం కూడా లేదు. ఇప్పుడు పోవడం లేదు. మంచం మీద ఉంటున్నారు. కుట్టుమిషను ఆయన ఆరేళ్లుగా గోడకేసి చూస్తున్నాడు. పిండిమర వాడికి నలభై రెండేళ్లు, నలభై రెండు! చెయ్యీ నోరూ రెండూ పడిపోయాయి. ఏమంటున్నావ్? బతికేవాళ్లు పెరిగారని పైవాళ్లు సంతోషిస్తున్నారా? సంతోషించమను. ఆ కుట్టుమిషను ఆయన పెళ్లాన్ని కూడా ఒకసారి సంతోషంగా ఉందేమో అడిగి రమ్మను, ఆవిణ్ణి ఏ గడిలో రాస్తారో చూస్తాను. అదే పట్నంలో సిమెంటు కొట్టాయనకి వస్తే, రెండో నెలకల్లా చేతికర్రతో వచ్చి కొట్లో కూర్చుని అందర్నీ కసురుతున్నాడు. ఇంటికి మనిషొచ్చి రోజూ కాలూ చెయ్యీ ఆడించాడట. మనవాళ్లకి ఆడించేదెవరు? "కదిలించకండి, పడుకోనివ్వండి" అనడమేగా. జబ్బు ఒకటే తల్లీ, ఆసుపత్రికి దారే ఒకటి కాదు. మూడు గంటల్లో నాలుగు గంటల్లో తీసుకొస్తే నెత్తురుగడ్డ కరిగించే సూది ఉంది అంటారు. ఆ సూది ఉన్న ఊరికి ఇక్కణ్ణుంచి ఐదు గంటలు. ఈ ఏర్పాటు కట్టినవాడెవడో గానీ నా కింద పనిచేసి ఉంటే ఆ రోజే పంపించేసేవాణ్ణి.

ఇంకెవరు? ఏదీ, ఆ పేజీ ఇటు తిప్పు. ఎవరిది అది? మీ తాతదా? అంటే... నిన్ను మీ నాయనమ్మ పంపిందా? పంపలేదా. అవునులే, ఎందుకు పంపుతుంది. ఎనిమిదిళ్ల అవతల ఉంది నా తోడబుట్టిన అక్క, ముప్పై రెండేళ్లయింది ఆ గడప తొక్కి. తప్పు ఎవరిదో ఊరంతటికీ తెలుసు. సాయంత్రం కట్టుకున్న మనిషి వంకరపోయి కూర్చుంటే, పొద్దుటిదాకా దుప్పటి కప్పి ఉంచింది. నేను చెప్పడం కాదు, డాక్టరే అన్నాడు, "నిన్ననే ఎందుకు తేలేదు" అని. అప్పుడు నేను అడిగాను. ఆసుపత్రి వసారాలో, పదిమందిలో, గట్టిగానే అడిగాను. "రాత్రంతా ఏం చేస్తున్నావే" అని. దానికి ఆవిడేమందో తెలుసా? ఏమీ అనలేదు. నా మొహంలోకి చూసి కొంగుతో ఆయన మూతి తుడిచింది. అనొచ్చుగా ఏదో ఒకటి! మా అక్కకి నోరు లేదనుకుంటున్నావా? చిన్నప్పుడు నన్ను చింతబరికె పుచ్చుకుని వీధంతా తరిమిన మనిషి.

మీ తాత గురించి చెప్పమంటావా. బావని "దారం మేస్త్రి" అనేవాళ్లు. అందరూ దారం కట్టి ఇటుకల వరస పేరుస్తారు, ఈయన ముందు పేర్చేసి ఆ తర్వాత దారం కట్టి చూసుకునేవాడు. అప్పుడు దారమే వంకరగా కట్టామేమో అనిపించేది. పని అలాంటిది. అయితే ఏం, బేరం మాట్లాడ్డం రాదు, మనుషుల్ని కూడగట్టడం రాదు. అవి నాకొచ్చు. అందుకని నాకన్నా ఆరేళ్లు పెద్దవాడైనా నా కింద పనిచేశాడు. నేనేం తక్కువగా చూడలేదు. పని దగ్గర పనే, బావ లేదు బామ్మర్ది లేదు. ఆ ఏడు గిడ్డంగి కడుతున్నాం. యజమాని వచ్చి నిలబడ్డప్పుడు, ఆయన ముందర, కూలీల ముందర, "బామ్మర్దీ, నువ్వు లేపిన మూల మట్టం లేదు" అన్నాడు. పక్కకి పిలిచి చెప్పొచ్చుగా? రసమట్టం పెట్టి చూపించాడు కూడాను. మూడు వరసలు నా చేతుల్తో నేనే పీకాను. సిమెంటు మాలు మోసే ఆడవాళ్లు బొచ్చెలు దించి మరీ నవ్వారు. మట్టం లేని మాట నిజమే. నిజమైతే అలా చెప్తారా మనిషికి?

తర్వాత నెల తిరక్కుండానే. పొద్దున్నే పనిలోకి వచ్చాడు, బాగానే ఉన్నాడు. ఎండెక్కాక నేను అటుగా వెళ్లి చూస్తే గోడ సగంలో ఆగిపోయి ఉంది. కుడివైపు సగం వరస పేర్చాడు, అద్దంలా ఉంది. ఎడమవైపు ఒక్క ఇటుక లేదు. తాపీ కడిగేసుకుంటున్నాడు. "ఇదేమిటి బావా" అంటే "అయిపోయింది బామ్మర్దీ" అన్నాడు. ఏది అయిపోయింది? ఎడమవైపు చూపించాను. చూశాడు. చూసి మళ్లీ "అయిపోయిందిగా" అన్నాడు, నాలుక మందంగా, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. అప్పుడు... అప్పుడు గంట పదయింది. యజమాని కుర్రకారు రేడియో పెట్టుకునేవాళ్లు, పది గంటల వార్తలు వస్తున్నాయి. నాకు బాగా గుర్తు.

ఏం రాస్తున్నావు? ఆగు, అప్పుడే రాయకు. వినమ్మా ముందు. "తాగొచ్చావా" అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను. ఆయన తాగడని నాకు తెలుసు, పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదు. అయినా దగ్గరికెళ్లి, "ఏదీ ఊదు" అన్నాను. ఊదాడు, చిన్నపిల్లాడిలా. వాసన లేదు. లేదు తల్లీ. ఇంత దగ్గర్నుంచి చూశాను, వాసన లేదు. వెనక్కి తిరిగి అందరితో "మందు కంపు కొడుతున్నాడు, దారం మేస్త్రి దారి తప్పాడు" అన్నాను. నవ్వారు. మొన్న నన్ను చూసి నవ్విన ఆడవాళ్లే నవ్వారు. నాకు... చెప్తే ఏం, హాయిగా అనిపించింది. "ఇంటికి పో, దిగాక రా" అన్నాను. మూడు మైళ్లు, ఆ ఎండలో, ఎడమ చెప్పు అక్కడే వదిలేసి పోయాడు. ఆ చెప్పు సాయంత్రం దాకా ఇసక కుప్ప దగ్గరే ఉంది. నేనూ చూశాను దాన్ని. చూసి, మనిషికి ఎంత పొగరు, చెప్పు కూడా విసిరేసి పోయాడు అనుకున్నాను.

పొలం నుంచి మీ నాయనమ్మ వచ్చేసరికి పడుకుని ఉన్నాడట, మీ నాన్న అప్పుడు కుర్రాడు, వాడు చెప్పాడు నాకు. అన్నం పెడితే కంచంలో కుడివైపు తిని ఎడమవైపు వదిలేశాడట. ఏమైందంటే "బామ్మర్ది కోప్పడ్డాడు" అన్నాడట. ఆవిడేమనుకుంటుంది? పదిమందిలో మాట పడ్డాడు, మనసు బాగోలేదు, పడుకోనీ అనుకుంది. ఎవరైనా అంతే అనుకుంటారు. పొద్దున లేవలేకపోతే ట్రాక్టరు మాట్లాడింది. ఆ తర్వాత మూడేళ్లు ఎత్తి, దించి, తిప్పి పడుకోబెట్టి... వీపు పుండ్లు పడి పోయాడు. ఆ మూడేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు మా అక్క, పొద్దున పనిలో ఏం జరిగిందో. ఆయన మాటకి మాట అతకకపోయినా అంతమాత్రం చెప్పే ఉంటాడు. తెలుసు ఆవిడకి. తెలిసి ఊరుకుంది. అదే నాకు ఒళ్లు మండేది. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ణి, ఇద్దరం అరుచుకుని ఊరుకునేవాళ్లం.

ఏమిటి? అప్పట్లో ఆ సూది ఎక్కడా లేదా? పది గంటలకే తీసుకెళ్లినా పెద్ద తేడా ఉండేది కాదా? బాగుంది, నన్ను ఓదార్చడానికి వచ్చావా, రాసుకోడానికి వచ్చావా? సూది లేకపోతే మానె. నీడన కూర్చోబెట్టి నీళ్లివ్వడానికి సూది కావాలా? నడిపించకుండా ఉండటానికి సూది కావాలా?

జబ్బు మొదట ఎప్పుడు కనపడింది అని ఉందన్నావే, ఆ గడిలో ఏం రాసి ఉంది? చదువు. "సాయంత్రం, ఇంట్లో." ఎవరు చెప్పారు? నాయనమ్మే చెప్పిందా. నిన్న కూడా అదే చెప్పిందా. ముప్పై రెండేళ్ల తర్వాత కూడా. చూశావా మొండిది! కొట్టెయ్ అది. అడ్డంగా కొట్టెయ్. పొద్దున పది గంటలు, పని దగ్గర. ఎవరు చూశారు అని గడి ఉందా? లేదా? ఏం పుస్తకాలేస్తారో, అసలు కావలసిందే ఉండదు. పక్కన మార్జిన్లో రాయి. బామ్మర్ది చూశాడని. వాసన లేదని కూడా రాయి. రాశావా? ఏదీ, పెన్నిటివ్వు, నా సంతకం నేను పెడతాను. వేలిముద్ర అక్కర్లేదు, సంతకం వచ్చు నాకు.

ఇంకేం లేదు. మీ దొడ్డిగోడకి చెమ్మ ఎక్కుతోందని మీ నాన్న ఎవరితోనో అన్నాడట. ఎక్కదూ మరి, పునాది మీద పూత లేకుండా లేపేస్తే? ఎవడు కట్టాడో వాణ్ణి... మీ నాయనమ్మ ఈ వేళప్పుడు ఇంట్లో ఉంటుందా? ఊరికే అడిగాను, గోడ చూడాలి కదా. ఆ చేతికర్ర అందుకో. అది కాదు, తలుపు వెనకది.