ఇతరములకు అధిపతి

ఇంకొంచెం పైకి అన్నా! అటు కాదు, ఎడమ పక్కకి. ఇంత పెద్ద టీవీ తెచ్చి తలుపు చాటున తగిలిస్తే ఎవడికి కనబడుతుంది చెప్పండి? గుమ్మంలో కాలు పెట్టగానే కనబడాలని మా కంపెనీ పెద్దాయన ఆజ్ఞ. చూసినవాడికి గుండె గుభేలుమనాలట!

నిచ్చెన నేను పట్టుకుంటాలెండి. నాకిప్పుడు వేరే పనేం లేదు. ఐదింటికి దీని ప్రారంభోత్సవం, అంతవరకూ ఖాళీ.

ఏంటీ, సినిమాలా? భలేవారే! ఇందులో ఖర్చులొస్తాయి అన్నా, ఖర్చులు. మీరు కరెంటు పనిచేసే మనిషి, మీకు ఇట్టే అర్థమవుతుంది. మా కంపెనీ కంప్యూటర్లు మా దగ్గరుండవు. ఎక్కడో పెద్ద కంపెనీ వాళ్లవి, మేం అద్దెకి వాడుకుంటాం. ఆన్ చేసి ఉన్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఏ టీము ఎంత తిప్పిందో రిపోర్టు తీయడం నా ఉద్యోగం.

ఒక్కో కంప్యూటరుకీ ఫలానావాళ్లదని ఒక చీటీ ఉంటుంది. ఆ చీటీని బట్టే లెక్క, ఎంత ఖర్చయితే టీవీలో వాళ్ల పేరు పక్కన అంత పొడుగు పట్టీ. ఎవరి పట్టీ అందరికంటే పొడుగ్గా ఉంటే అది ఎర్రబడుతుంది.

ఎర్రబడితే సిగ్గుపడి పొదుపు చేస్తారనుకున్నాం. మహానుభావులు! పొదుపెందుకు, చీటీలు పీకేస్తే పోలా? పీకేశారు. చీటీ లేనివన్నీ ‘ఇతరములు’ అనే ఖాతాలో పడతాయి. ఆ ఇతరములు పెరిగీ పెరిగీ పాత టీవీ చాలనంత అయిపోయాయి.

ఒకరోజు పెద్దాయన మీటింగులో కళ్లజోడు సవరించుకుని, “ఎవరయ్యా ఈ ఇతరములు టీము? ఇంత దుబారానా? వాళ్ల మేనేజర్ని పిలవండి!” అన్నారు.

నవ్వండి, నవ్వండి, మీకేం పోయింది! ముందు నోట్లో స్క్రూలు తీసి నవ్వండి బాబూ, మింగేస్తారు.

గదినిండా పెద్ద పెద్ద జీతాలవాళ్లున్నారు. అలాంటి టీమే లేదు సార్ అని ఒక్కరికైనా నోరు పెగిలితే ఒట్టు! సేల్సాయన మాత్రం చటుక్కున, “రిపోర్టు తీసే ఆవిడ చూసుకుంటుంది సార్” అని నా మీదకి తోసేశాడు. అంతే, ఇతరములకు నేనే అధిపతిని. జీతం పెరిగిందా అంటారా? చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యలోనే పెద్దాయన ఇంకో మాటన్నారు. అద్దెకి తెమ్మని ఎవరు చెప్పారో చీటీ మీద వాళ్ల పేరే ఉండాలి. కొత్త టీవీ పెట్టిన రోజు ఎవరి పేరు ఎర్రగా కనిపిస్తే వాళ్లు ఇంటికెళ్లిపోవడమే. అదీ ఇవాళ్టి ప్రారంభోత్సవం. పూలకుండీలు కూడా తెప్పించారు చూశారా, అదిగో, ఆ మూల.

ఇక నాకు జరిగిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు! లిఫ్టులో మొహం తిప్పుకునే సేల్సాయన కాఫీ పట్టుకుని నా సీటు దగ్గరకొచ్చాడు. మా అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. మోకాలి నొప్పి మా అత్తగారికి. పోనీలెండి, కాఫీ బాగుంది.

ఆయన వెనకే మిగతావాళ్లు. అందరిదీ ఒకటే పాట. “ఆ ఇతరములన్నీ టెస్టింగ్ అక్క పేరు మీద వేసెయ్యకూడదూ? ఆవిడ ఎలాగూ సెలవులో ఉందిగా!”

అక్కంటే సొంతక్క కాదు. మా కంపెనీ రాసే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టీముకి పెద్ద. నేను కొత్తగా చేరి బాత్రూంలో కూర్చుని ఏడుస్తుంటే తలుపు తట్టి తీసుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. ఇప్పుడు వాళ్లాయన ఆసుపత్రిలో ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మందులకీ ఫోన్లకీ మధ్య నలిగిపోతోంది.

మరి వెయ్యలేదా అని అడగరేం?

వేశాను. ఇవాళ పొద్దున్నే, రాగానే. మొత్తం ఆవిడ పేరు మీదే వేశాను. మా ఇంట్లో ప్రస్తుతం నా జీతమే దిక్కన్నా. మా ఆయన ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఇతరములు అలాగే ఉంటే ఎర్రబడేది నా పేరే, భయమేసింది. భయమేస్తే చెయ్యి ఎంత చకచకా ఆడుతుందో నాకివాళే తెలిసింది.

అలా చూడకండి, నిచ్చెన ఊగుతోంది.

భోజనం డబ్బా మూత తీశానో లేదో అక్క ఫోను. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తెలిసిపోయిందనుకున్నాను. ఆవిడేమో, “నిన్ను ఇతరములకి పెద్దని చేశారటగా పిచ్చితల్లీ! మరీ ఇబ్బందైతే కొన్ని నా పేరు మీద రాసుకో. నేనొచ్చాక ఇద్దరం సర్దుకుందాం” అంది.

ఎర్రబడితే ఉద్యోగం పోతుందన్న సంగతి ఆవిడకి తెలీదు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. “సరే అక్కా” అని పెట్టేశాను. డబ్బా అలాగే మూసేశాను.

అప్పుడు కూర్చుని, అసలు ఆ ఇతరముల్లో ఏముందో మొదటిసారి విప్పి చూశాను. ఏముందంటే... నా రిపోర్టే!

అవునన్నా, నిజం. అది తిరిగే కంప్యూటర్లకి ఎవరూ ఏ చీటీ అంటించనేలేదు. ఖర్చెంతో చూపించే రిపోర్టుకే అన్నిటికంటే ఎక్కువ ఖర్చు! అది నిమిషం నిమిషం మారుతూ ఉండాలని పెద్దాయన ముచ్చటపడ్డారు. “కదలాలమ్మా, కదలకపోతే నమ్మకం కుదరదు” అన్నారు. అది కదిలినప్పుడల్లా కంపెనీ లెక్కంతా మొదటినుంచీ కూడుకుంటూ రావాలి. లైట్లార్పి అందరం ఇంటికెళ్లిపోయినా, ఖాళీ కుర్చీల కోసం అది కదుల్తూనే ఉంటుంది.

ముందే చెప్పొచ్చుగా అంటారు, అంతేనా? అంత కదలొద్దు, ఖర్చవుతుంది సార్ అని అప్పుడే చెప్పాను. “ఖర్చు తగ్గించాలంటే ఖర్చు పెట్టాలమ్మా” అన్నారు. గోడకి చెప్పుకున్నా నయమే. కనీసం మీలాంటివాళ్లు మేకైనా కొడతారు.

మరి పెద్దాయన పెట్టిన నియమం ఏంటి? తెమ్మన్నవాళ్ల పేరే చీటీ మీద ఉండాలి. ఉంచాను. అక్క పేరు తీసేసి, రిపోర్టు ఎవరు కదలమన్నారో వాళ్ల పేరు, గౌరవంగా, ‘గారు’తో సహా రాశాను. మిగతావన్నీ వెతికి ఎవరివి వాళ్లకి అంటించాను. కాఫీ తెచ్చినాయనకి కాస్త శ్రద్ధగా.

ఐదింటికి స్విచ్ వేస్తారు. అంత పొడుగు పట్టీ, ఎర్రగా, ఈ గోడంతా!

ధైర్యమా? ఏం ధైర్యమన్నా! మీరు గమనించలేదా, ఇందాక నిచ్చెన ఊగింది మీ వల్ల కాదు, నా వల్లే. ఈ రాత్రి మా ఆయనకేం చెప్పాలో కూడా తెలీదు.

బిగించేశారా? కింద ఇంకో రెండు స్క్రూలు వెయ్యండి. కళ్లజోడు లేకపోయినా చదవగలిగేంత ఎత్తులోనే ఉంది కదా? అలా అయితే సరే. వెంటనే పీకించాలన్నా ఊడిరాకూడదు.

నా కప్పూ, చెప్పులూ సంచిలో సర్దేశాను. మీ వ్యాను కిందే ఉందిగా? వెళ్లేటప్పుడు బస్టాపు దాకా దింపేస్తారా? ఎక్కువసేపు ఆగక్కర్లేదన్నా, ఐదూ పదికల్లా వచ్చేస్తాను.