ఎర్ర కారు ముందటి సీటు

హలో… ఆఁ, నేనే… నేనే మహిమా, జేమ్స్‌నే. గిది నా నంబర్ గాదు, శ్రీహరి అని ఒక పిలగానిది. నా ఫోన్ల చార్జింగ్ అయిపొయింది.

… లేదు, ఇంక కరీంనగర్లనే ఉన్న.

… చూపిచ్చుకున్ననే కండ్లు! "డ్రైవర్ సాబ్, మస్తున్నయి, కొత్త అద్దాలు గూడ అక్కర్లేదు" అన్నడు డాక్టర్. ఇగ ఆసిఫాబాద్ బస్సెక్కుదామని బయటికొచ్చిన… వచ్చిన గని… ఎక్కలే.

… ఎందుకంటే… జర నిమ్మలంగ ఇను. కూసున్నవా? కూసో.

… అయ్యో, దెబ్బలు గిట్ల ఏం లేవు! ఒక కారు చూసిన, గీ శ్రీహరి అమ్ముతున్నది.

… హలో? మహిమా?… ఆఁ, ఉన్నవా.

… చూసిన అంటున్న, కొన్న అన్ననా? నిన్నడగకుండ కొంటనా? గప్పుడు స్కూటర్ తెచ్చినందుకు నెల రోజులు నాతోని మాట్లాడలే నువ్వు. అన్నం గిన్నె తోటి మాట్లాడినవ్. యాదికున్నది నాకు.

… పాతదే. ఎనిమిదేండ్లది. చిన్నది… ఎర్రది… ఆఁ, ఎర్రదే! ఎనకాల రెండు సైలెన్సర్లు. పిలగాండ్లు ఉరికిస్తరు సూడు, గసొంటిది.

… నవ్వు, నవ్వు. అరవై గాదు, అరవై ఒకటి. నవ్వేటిదుంటే మంచిగ లెక్కపెట్టి నవ్వు.

… అన్న మాట నిజమే. రిటైరైన నాడు చర్చిల సాక్ష్యం చెప్పిన, ఇగ స్టీరింగ్ ముట్టనని. సంఘమంతా ఇన్నది. గని గప్పుడు నా మనసుల ఉన్నది బస్సు స్టీరింగే… పాస్టరయ్యకు నేను చెప్పుకుంట, గా ఫికర్ నీకొద్దు. ఆదివారం ఆయనతోనే బండి మీద ప్రార్థన చేపిద్దాం.

… ఎందుకా? ముప్పై ఒక్క ఏండ్లు బస్సు నడిపిన. గిసొంటి చిన్న కార్లు హారన్ కొట్టుకుంట నన్ను దాటిపొయేటియి. ఒక్కదాన్ని గూడ నేను దాటలే! ఇయ్యాల చొప్పదండి తొవ్వల ఒక బస్సును దాటిన. డ్రైవర్ ఎవలనుకున్నవ్? మన డిపో అంతయ్య! మస్తు తిట్టిండు. మల్ల నా మొఖం చూసి చెయ్యూపిండు.

… మరి నడపకుండ ఎట్ల తెలుస్తది? నడిపి చూసిన.

… గదంతా నాకిడిసిపెట్టు. చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేపిచ్చిన. కింద పేపర్ పరిచి అద్దగంట చూసిన, ఒక్క నూనె చుక్క పడలే. స్టీరింగ్ పక్కకు గుంజుతలే. ఏసీ జర లేటుగ సల్లగైతది. ఎనక డోరుకు గీత ఉన్నది… గేటుకు తాకిచ్చిండట, నేనడగకముందే చెప్పిండు. నాకు గదే నచ్చింది.

… శ్రీహరి భార్యకు నెలలు నిండినయి. ఇగ పెద్ద బండి కావాలన్నదట. అందుకే అమ్ముతుండు.

… బండి పాడయ్యే ముచ్చటే లేదు. తొవ్వల ఎక్కడ ఆగలే… ఆగిన. ఒక్కకాడ ఆగిన.

… ఏం చెప్పాలె నీకు! చొప్పదండి స్టేజీ కాడ ఇద్దరు ఆడోళ్లు సంచులు పట్టుకొని నిలవడ్డరు. చెయ్యెత్తిండ్రు. నా కాలు దానంతటదే బ్రేక్ మీద పడ్డది!… ఎక్కి కూసున్నరు ఎనకాల! ఒకామె ఆధార్ కార్డు తీసి పట్టుకున్నది, ఫ్రీ టికెట్ కొట్టమని.

… ఆగు, నవ్వకు, ఇంకున్నది. ఆళ్లెక్కిండ్రు, డోరేసిండ్రు. నేను కదుల్తలే. "ఏమైంది సార్" అంటుండు శ్రీహరి. ఏమైందో నాకు సుత తెలుస్తలే… కండక్టర్ లెక్క ఎవలన్న "రైట్" అనాలె గదా! అనకుంటే నా కాలు క్లచ్ ఇడువది… ఆఁ, గాయన్తోనే అనిపిచ్చిన. "రైట్ రైట్" అన్నడు పాపం, ఏమనుకున్నడో ఏమో. గప్పుడు కదిలింది బండి.

… ఓ, గది చెప్పనే లేదు. ఆ ఎక్కిన ఇద్దర్ల ఒకామె మీ చిన్నవ్వ బుచ్చవ్వ! కరీంనగర్ల దింపిన. నీకు మోకాళ్ల నొప్పులు, గంత కిందికున్న కారుల ఎట్ల కూసుంటనంటవని నాకెరుక. బుచ్చవ్వకు నీకంటె ఎక్కువ నొప్పులు గదా? ఎవలనూ పట్టుకోకుండనే దిగింది! మల్లొక్కసారి ఎక్కి దిగమన్న.

… తిట్టింది. గని దిగింది.

… మహిమా, జర ఇను. నాలుగింటికి జగిత్యాలోళ్లు చూడనీకి వస్తుండ్రట. చూస్తే ఇడువరు. "మీకే ఇయ్యాలనున్నది సార్, ఔనో కాదో చెప్పుండ్రి" అన్నడు. గిప్పుడు మూడున్నర. నువ్వు ఔనంటె ఔను. వద్దంటె బస్సెక్కి వస్త, మల్ల కారు మాటే ఎత్తను. నిజంగ చెప్తున్న.

… తెల్లది, పెద్దది, ఎనిమిది మంది కూసునేది నాకొద్దే.

… ఎందుకొద్దంటె… ఫోన్ల ఎట్ల చెప్పాలె.

… చెప్తున్న. ఉండు, శ్రీహరి చాయ్ తెస్తనని అటు పోయిండు. చెప్తున్న.

… మొన్న మన పెండ్లి రోజు నాడు ఒక మాటన్నవ్ యాదికున్నదా? "ఈయన మొఖం కంటె ఈయన వీపే నాకు ఎక్కువ ఎరుక" అని. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. గని బాధైంది నాకు. మస్తు బాధైంది.

… నువ్వు అబద్దం ఆడినవంటలే. నిజమే గదా అంటున్న. ఎన్నడు నా బస్సెక్కినా నువ్వెనక, నేను ముందు. పెండ్లైన వారానికి, ఆసిఫాబాద్ బస్సుల, సీట్లకెల్లి లేచొచ్చి నన్ను ఏందో అడిగినవ్. నేను తిరిగి చూడలే. ఏలుతోని పైన బోర్డు చూపిచ్చిన. "డ్రైవర్‌తో మాట్లాడరాదు."

… మర్శిపోలేదా? నేను సుత మర్శిపోలే.

… కొత్త నౌకరి, భయముండె. నలుగురు చూస్తుండ్రని సిగ్గుండె. మల్ల ఎన్నడు నువ్వు లేచొచ్చి అడుగలే.

… గందుకే గీ కారు. పెద్ద బండైతె చుట్టాలందరెక్కుతరు, నువ్వు మల్ల ఎనకకే పోతవ్. ముందట రెండే సీట్లు. నా పక్కకు నువ్వే. బోర్డు లేదు మహిమా. మొత్తం ఎతికిన, ఎక్కడ లేదు.

… హలో? ఏడుస్తున్నవా?

… మరి ముక్కెందుకు చీదుతున్నవ్?

… ఒక్కటి అడుగుత, చెప్తవా? గా నాడు బస్సుల ఏమడిగినవ్?

… యాదికి లేదంటె నమ్మ. చెప్పు.

… గంతేనా?… "ఆకలైతుందా" అనా?… రొట్టెలు చేసుకొచ్చినవా? నా కోసం?

… అయితుండె, మహిమా. మస్తు అయితుండె. పొద్దుగాల ఏం తినకనే డ్యూటీ ఎక్కిన.

… హలో, ఏమన్నవ్? గట్టిగ అను, రోడ్డు మీద లొల్లున్నది.

… మల్లొక్కసారి అను!

… శ్రీహరీ! ఓ శ్రీహరీ! జగిత్యాలోళ్లను రావద్దను! మా ఆమె "రైట్ రైట్" అన్నది!

… ఆఁ, ఉన్న, ఉన్న. కారు గిప్పుడే తీస్కపొమ్మంటుండు, కాయితాలు వారంల మన పేరు మీదికి మారుతయట. పొద్దూకేటాళ్లకు వస్త… ఉరికియ్య, మెల్లగనే వస్త… స్టేజీల కాడ ఆగనే తల్లీ, ఆగ.

… తినలే ఇంక. పొద్దుగాల చాయ్ తాగిందే.

… చెయ్యి. రెండు ఎక్కువనే చెయ్యి. ఇంట్ల వద్దు, నువ్వు బయటికి రా, కారుల కూసొని తిందాం… ఆఁ, ముందటి సీట్లనే. ఫోన్ పెడుతున్న.