బెల్లం కేసు

ఖమ్మం జిల్లా, టేకులపల్లి అవతల అడవి అంచున ఒక తండా. రెండు వేల ఆరు, ఎండాకాలం పొద్దున. వసారాలో తడికకు ఆనుకొని కూర్చున్న ముసలి బిచ్యా. ఎదురుగా పీట మీద, ఖమ్మంలో లా ఆఖరి సంవత్సరం చదువుతున్న మనవరాలు కమ్లి.

"ప్రమాణం చెయ్యి తాతా."

"చేసిన."

"ఎప్పుడు చేసినవ్? నోరు కదలనే లేదు."

"మనసుల చేసిన. మనసుల చేస్తే దేవునికి జల్దీ ముడ్తది."

"కోర్టుల గట్ల నడవది. పైకి చెప్పు. తెలుగుల చెప్పు, మన తండా మాట జడ్జికి రాదు."

"రాకపోతే నేర్చుకోమను. ఊకెనే జీతం తీసుకుంటడా?"

"తాతా!"

"సరె సరె. అంతా నిజమే చెప్త, అబద్ధం చెప్ప. అబ్బా, గీ ముక్క అనేటాలకు గొంతుల ఏదో అడ్డం వడ్డట్టయితుంది బిడ్డా."

"నవ్వకు. సోమవారం నాకు మూట్ కోర్టు ఉన్నది. ఉత్తుత్తి కోర్టే, కని మార్కులు ఉత్తుత్తియి కావు. పోయినసారి లేచి నిలవడ్డ, మంది దిక్కు చూసిన, అంతే. నోట్లె తడి ఆరిపోయింది. ఒక్క ముక్క రాలె. ఖయ్యూం సారు జాలివడి ఇంకొక్కసారి రమ్మన్నడు. ఈసారి గూడ గట్లనే నిలవడితే ఏడాది అంతా పోయినట్టే."

"మరి మీ నాయిన రామ్‌సింగ్ ఏమో, లగ్గం ఖాయమైంది, ఇగ కాలేజీ లేదు గీలేజీ లేదు అంటుండు?"

"అంటుండు. రేపు పంచాయితీ కూసొని లగ్గం దినం పెడ్తరట. కోర్టుకు పోయే కోడలు మాకొద్దని పిలగాని తండ్రి హర్యా ముందే చెప్పిండట. రేపటి సంగతి రేపు. ఇయ్యాల ఒక్క పొద్దు నన్ను వకీలును కానియ్యి. చెప్పు, పులిని ఎక్కడ చూసినవ్?"

"గట్టిగ అడుగు. చెవులు మందం."

"పులిని! ఎక్కడ! చూసినవ్!"

"గుండాల అడవిల. తునికాకు కోసుకొని మోపు గట్టిన. ఎత్తుదామంటే నడుము పట్టేసింది. గప్పుడు పొదలకెళ్ళి వచ్చింది పులి, మన దున్నపోతంత. నా రుమాలు ఇప్పి దాని మెడకు కట్టిన, మోపు దాని వీపు మీద పెట్టిన, ముద్దుగ కల్లం దాక తోలుకొచ్చిన. ఆకు కొనే సేటు చూసి తాడిచెట్టు ఎక్కిండు. ఇయ్యాల్టిదాక దిగలె."

"పులి నిన్ను ఎందుకు కరవలె?"

"మంచి మాట అడిగినవ్. దానికి పన్ను నొప్పి. ఒక దవడ గింత వాసింది. నేను కానుగ పుల్ల విరిచి—"

"దానికి పన్ను నొప్పని నీకెట్ల తెలుసు?"

"అది గూడ మంచి మాటే. దాని అవ్వకు గూడ గట్లనే ఉండె. ఆ పులి కుటుంబం మొత్తానికి—"

"ఆగు తాతా, ఆగు."

"ఏంది, అప్పుడే అలిసినవా? ఇంకా దాని పెండ్లి ముచ్చట చెప్పలె."

"తప్పు నాదే. సారు ఇదే మొత్తుకుంటడు. ఎందుకు, ఎట్ల అని అడిగితే సాక్షికి నువ్వే తొవ్వ ఇచ్చినట్టు, అవునా కాదా అన్నది తప్ప ఇంకేం అడగొద్దు అని. మళ్ళ మొదలు వెడ్త. ఇగ నువ్వు అవ్ అంటవ్, లేకుంటే కాదంటవ్. అంతే."

"అట్లయితే నాకు ఊపిరాడది."

"ఆడకున్నా సరే. ఆ పొద్దు అడవికి నాయినమ్మ గూడ వచ్చింది. అవునా?"

"అవ్. కని మీ నాయినమ్మ ఎసొంటి మనిషంటే—"

"అవ్ అన్నవ్, చాలు. పక్క చెట్టు కాడనే ఆకు కోస్తుండె. అవునా?"

"అవ్."

"దున్నపోతంత పులిని ఆమె చూసిందా?"

"ఆమెకు ఆకు మీదనే పాణం, తలకాయ ఎత్తి—"

"అవునా, కాదా?"

"...కాదు."

"కల్లం కాడ మందున్నరు. సేటు గాక ఇంకెవరన్న పులిని చూసిండ్రా?"

"కాదు."

"ఆ సేటు మొన్న మన ఇంటి ముంగటనే సైకిలు మోటరు మీద పోయిండు. చెట్టు మీద లేడు. అవునా?"

"దిగినట్టున్నడు మరి! ఓయమ్మా, నా పులిని సంపినవ్ గదనే. నలభై ఏండ్ల సంది సాదుకుంటున్న."

"తాతా, అయింది! నాకు అయింది! చూసినవా, నిన్ను పట్టుకున్న!"

"ఏం పట్టుకున్నవ్, ముసలి పులిని. దమ్ముంటే ఇంకో కేసు పెట్టు."

"ఏం కేసు?"

"బెల్లం కేసు."

"...ఒద్దు తాతా. ఇప్పుడిప్పుడే నవ్విన."

"పెట్టు. ఆ హర్యా కొడుకు లాలుకు నిన్నిచ్చుడు ఎట్ల ఖాయమైంది?"

"సంబంధం ఒప్పుకున్నట్టు నువ్వు మన తరపున బెల్లం తిన్నవట. తిన్నంక మాట తప్పితే తండాల తలెత్తుకోలేమంటడు నాయిన. ఇంకేం అడగాలె అండ్ల?"

"నేను సాక్షిని. నువ్వు వకీలువు. నన్ను అడుగుతవేంది? నువ్వడుగు. గట్టిగ, చెవులు మందమని ఎన్నిసార్లు చెప్పాలె!"

"సరే. బెల్లం తిన్నవా?"

"తిన్న."

"మన ఇంటి ముంగట తిన్నవా?"

"కాదు. టేకులపల్లి సంతల, మిరపకాయ బజ్జీల బండి కాడ."

"బండి కాడనా! నాయిన చెప్పలేదే!"

"మీ నాయినకు తెలవది. అడగలె. హర్యా వచ్చి, మీ తండ్రి బెల్లం తిన్నడు అన్నడు. మీ నాయిన నా మొఖం చూసిండు. తిన్నవా అన్నడు. తిన్న అన్న. ఇగ ఏడ్సుకుంట కూసున్నడు."

"ఉండు, ఉండు. బెల్లం తినేటప్పుడు మన తండా నాయకుడు పక్కకు ఉన్నడా?"

"కాదు. లేడు."

"వాళ్ళ నాయకుడు?"

"లేడు."

"మన పెద్దమనుషులు, వాళ్ళ పెద్దమనుషులు, ఒక్కరన్న?"

"బజ్జీల ఆమె ఉన్నది. మంచి మనిషి, ఉల్లిగడ్డలు ఎక్కువనే ఏస్తది."

"అవునా, కాదా!"

"కాదు, కాదు. ఒక్కలు గూడ లేరు. అరవకే తల్లీ."

"నువ్వే గద గట్టిగ అన్నవ్! పిల్ల ఇంటి ముంగట, రెండు తండాల నాయకులు కూసొని, సంబంధం మాట అందరి ముంగట ఎత్తి, అప్పుడు బెల్లం పంచాలె. అందరు తినాలె. అదే మన రివాజు. అవునా?"

"అవ్. మా తాత నాటి సంది గంతే."

"ఆ పొద్దు బెల్లం ఇంకెవరన్న తిన్నరా?"

"హర్యా తినలె. నాకు కారం మండుతుంటే, నా నాలుక బయటవడుతుంటే చూసి, సంచిలకెళ్ళి ముక్క తీసి ఇచ్చిండు."

"ఇచ్చినప్పుడు సంబంధం మాట ఎత్తిండా?"

"కాదు. 'కొత్త బెల్లం కాకా, రుచి చూడు' అన్నడు."

"మరి నా సంబంధం మాట ఎప్పుడు తీసిండు?"

"నేను మింగినంక. ఏలు గూడ నాకినంక. గప్పుడు నా చెయ్యి పట్టుకొని, 'ఇగ మనం మనం చుట్టాలం' అన్నడు."

"అంటే మాట ఎన్కకు, బెల్లం ముందుగాల. అవునా?"

"అవ్."

"ఆ ముక్క ఎందుకోసమో తెలవకుండనే తిన్నవ్. అవునా?"

"కారానికి తిన్న. దేవుని సాక్షిగ, వట్టి కారానికి తిన్న."

"అయితే అది రివాజు బెల్లమే కాదు! సంతల బెల్లం! నాయకులు లేరు, పెద్దలు లేరు, మాట లేదు, పంచుడు లేదు. నోరు మండే ముసలాయనకు మందిచ్చినట్టు ఇచ్చి, పిల్లను అడిగినట్టు లెక్క చెప్తడా ఆ హర్యా? ఇది చెల్లది. ఎవ్వడొచ్చి అడిగినా చెల్లది. మనం మాట తప్పుడు ఏం లేదు, అసలు మాటే పుట్టలె. మా నాయిన తల దించుకోవాల్సిన పనే లేదు!"

"అబ్బో. వకీలమ్మా."

"నవ్వకు తాతా, నీ మీద కోపమే ఉన్నది నాకు. ఈ ముచ్చట నాయినకు ఆ పొద్దే చెప్పొద్దా? నేను అన్నం తినకుండ పండుకున్న. నీ కండ్లకు కనవడలేదా?"

"కనవడ్డది బిడ్డా. నేను గూడ తినలె."

"మరి?"

"నేను చెప్తే ఎవడు నమ్ముతడే? పులి మీద మోపు పెట్టినోడు, సేటును చెట్టెక్కించినోడు. బిచ్యా మాట తప్పెటందుకు కొత్త కథ కట్టిండంటరు. మీ నాయిననే అందరికన్న ముందుగాల అంటడు. నా అంతట నేను చెప్తే కథ. నా నోట్లెకెళ్ళి ఒకలు గుంజితే, గప్పుడది సాక్ష్యం."

"...గుంజిన గద ఇప్పుడు."

"గుంజినవ్. పండ్లు సుత ఊడినయ్."

"గుంజి ఏం లాభం తాతా? మనిద్దరమే ఉన్నం కాబట్టి నోరు లేసింది. రేపు పంచాయితీల మంది ముంగట నిలవడితే మళ్ళ నా నోట్లె తడి ఆరిపోతది. ఒక్క మాట రాదు. నాకు తెలుసు."

"రేపటిదాక ఎందుకే పిచ్చిదానా? నేను ఇయ్యాల్టికే పిలిచిన. ఈ తడిక అవతల మన నాయకుడు, వాళ్ళ నాయకుడు, హర్యా, మీ నాయిన, అందరు పొద్దటి సంది ఇనుకుంట కూసున్నరు. ఇగ చెప్పు, లోపటికి రమ్మంటవా, తీర్పు ఆడికెళ్ళే చెప్పమంటవా?"